పెంటయ్య పెట్టని మంచుయుగం

మాదాపూర్‌లో మా ఆఫీసు నాలుగో అంతస్తుకు ఏసీ చూసుకునేది పెంటయ్య. బోరబండలో రైలెక్కి పొద్దున్నే అందరికంటే ముందు వస్తాడు. నిచ్చెనెక్కి పైకప్పులోకి తల దూర్చి పనిచేస్తాడు కనుక మాలో చాలామందికి అతని కాళ్ళే పరిచయం. ఒకరు చలి అంటారు, పక్కవారు ఉక్క అంటారు. మేనేజర్ మీద కోపమొచ్చినా తిట్లు తినేది ఏసీయే. అత్త మీద కోపం దుత్త మీద చూపడం మాకు ఉద్యోగంలో భాగం.

సరిగ్గా ఏసీ గొట్టం కింద కూర్చునే యజ్ఞనారాయణ గారిది కాకినాడ. మే నెలలో మంకీ క్యాప్ పెట్టుకొని కోడు రాస్తారు. ఆయన ఒకరోజు ఫిర్యాదు పంపారు: ‘నాలుగో అంతస్తులో ఐస్ ఏజ్ నడుస్తోంది. బాధ్యులపై చర్య తీసుకోగలరు.’ అడ్మిన్ మధుకర్ వెంటనే పెంటయ్యను పిలిచి, రేపు పదింటికల్లా సంజాయిషీ చెప్పకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు. పన్నెండేళ్ళ ఉద్యోగం ఒక్క మాట మీద వేలాడింది. ఆ ‘ఐస్ ఏజ్’కు అర్థమేమిటో పెంటయ్యకు తెలియదు. నాకు ఒళ్ళు మండింది కానీ, నిజం చెప్పాలంటే, నేనూ వెళ్ళి నా సీట్లో కూర్చున్నాను.

పెంటయ్య ఇంటికెళ్ళి, డిగ్రీలో భూగర్భశాస్త్రం చదివే కూతురు రోహిణిని అడిగాడట.

“ఐస్ ఏజ్ అంటే ఏంది బిడ్డా?”

“మనమున్నదే ఐస్ ఏజ్‌ల నాయినా. క్వాటర్నరీ అంటరు.”

“క్వార్టరా?”

“నీ క్వార్టర్ కాదు. క్వాటర్నరీ అంటే నాలుగోది. ఇరవై ఆరు లక్షల ఏండ్ల సంది నడుస్తుంది. మంచు పెరుగుతది, తగ్గుతది. ఇప్పుడు జర తగ్గిన టైం.”

“నాలుగోదంటే కలియుగమే గద. గట్ల చెప్పు.”

మర్నాడు పదింటికి మధుకర్ గదిలో యజ్ఞనారాయణ గారు కూడా ఉన్నారు. ఏదో సంతకం కోసం వెళ్ళిన నేను అక్కడి నుంచి కదల్లేదు. పెంటయ్య చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

“సార్ రాసింది నిజమే. ఐస్ ఏజే నడుస్తుంది. గని నేను పెట్టింది కాదు. ఇరవై ఆరు లక్షల ఏండ్ల సంది ఉన్నది. నేను డ్యూటీల చేరింది పన్నెండేండ్ల కింద.”

యజ్ఞనారాయణ గారు ఫోన్‌లో వెతికి చూసి, మంకీ క్యాప్ తీశారు.

“అతను చెప్పింది కరెక్టేనండి. ధ్రువాల దగ్గర మంచున్నంతకాలం ఐస్ ఏజేనట. కంప్లైంట్ వెనక్కి తీసుకుంటున్నానండి. ఆ గాలి మాత్రం కాస్త పక్కకి తిప్పమనండి.”

మధుకర్ పెంటయ్య వైపు తిరిగాడు. “ఇవన్నీ నీకెవరు చెప్పిండ్రు?”

“మా బిడ్డ సార్. రాళ్ళ చదువు చదువుతది.”

“రాళ్ళ చదువేంది పెంటయ్యా? మంచిగ కంప్యూటర్ చదివియ్యకపోయినవా?”

పెంటయ్య తలుపు పక్కనున్న నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.

“కంప్యూటర్ చదివినోళ్ళంత ఈడనే వణుకుతున్నరు గద సార్.”