లేని బండ చుట్టూ దున్నిన మా బావ

"అన్నా, మీ బావ లేస్తా లేడు" అని మా చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను నాగలమడికలో మా అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాను. నిద్రలో ఉన్నాడేమో, లేపి చూడు అన్నాను. "లేపినాన్నా. కాఫీ తాగి వాలినాడు. చేయి చల్లగా ఉండాది" అంది. ఆ మాట విన్నాక పేపరు ఎక్కడ పెట్టానో, బస్సు ఎలా ఎక్కానో నాకు గుర్తు లేదు. క్యాతగానచెర్లు దగ్గర దిగి వాళ్లింటికి నడుస్తుంటే దారికి రెండు పక్కలా సౌర పలకలు ఎండకు మెరుస్తున్నాయి. వాటిలో కొన్ని మా బావ చేలోవే. ఎన్నాళ్లుగానో చూస్తున్నా, ఏవి ఆయనవో నేను చెప్పలేను. ఆయన మాత్రం చెప్పేవాడు.

ఆయన గురించి రాయాలని నాకు లేదు. రాసేలా చేసింది బస్టాపు దగ్గర కట్టిన ఫ్లెక్సీ. "సూర్యుడికి భూమినిచ్చిన త్యాగమూర్తి" అని మా బావ ఫోటో కింద అచ్చేశారు. ఫోటో కంటే పెద్దవిగా కట్టించినవాళ్ల ఫోటోలున్నాయి. సంతాప సభలో ఒక నాయకుడు, మాది రెండు భాషల సరిహద్దు తాలూకా కనక, కన్నడంలో కొంత, తెలుగులో కొంత మాట్లాడి, దేశానికి వెలుగునిచ్చిన రైతు అన్నాడు. తాలూకా గ్రంథాలయంలో బతుకంతా పుస్తకాల మధ్య గడిపినవాణ్ని. అబద్ధం అచ్చులో కనబడితే ఊరుకోలేను. అయ్యా, మా బావ త్యాగం చేయలేదు. వాన రాలేదు, బోరు ఎండింది, గట్టుకు అటూ ఇటూ అందరూ సౌర పలకలవాళ్లకు కౌలుకిచ్చేశారు, మధ్యలో ఒక్కడే మిగల్లేక ఇచ్చాడు. ఇచ్చిన రోజు నుంచి పోయిన రోజు దాకా ఆయనకు ఒకటే కోరిక, దున్నాలని.

ఆ చేని నడుమ ఒక బండ ఉండేది. ఏనుగు పడుకున్నట్టుండే నల్ల బండ, పక్కన సీతాఫలం చెట్టు. మా చెల్లెలు సంగటి తెచ్చేది, బండ నీడన ముగ్గురం తినేవాళ్లం. నాగలి అక్కడికొచ్చేసరికి మా బావ ఎద్దుల్ని మెల్లగా పక్కకు తిప్పేవాడు. "మలుపు కాడ తొందర పడకూడదప్పా. తొందరంతా నేరుగా పొయ్యేకాడ పడు" అనేవాడు. పలకలు వేసేటప్పుడు ఆ బండను పేల్చేశారు. నేల చదును కావాలి కదా. ఆ రోజు ఆయన దూరంగా నిలబడి చూశాడట. ఇంటికొచ్చి, అంత పెద్ద బండ ఇంత కంకరే అయిందా అన్నాడట.

తర్వాత ఒకరోజు చేని హక్కు రాసి ఉండే పహణి కాగితం తీయించుకోవడానికి పావగడ పోయాడు. కంప్యూటర్ అంగడిలో ఎవరో ఆట ఆడుతున్నారు. తెరమీద ట్రాక్టరు, వెనక నాగలి, నల్లటి మన్ను తిరగబడుతూ వస్తున్న సాలు. మా బావ పహణి సంగతి మరచిపోయి, అంగడి మూసేదాకా నిలబడ్డాడు. నెల తిరక్కుండా అలాంటి కంప్యూటర్ పెట్టె ఒకటి ఇంటికి తెచ్చాడు. కుర్రాళ్లు ఆటలాడుకునే పెద్ద రకం. పక్కన గాజు, లోపల రంగురంగుల దీపాలు, ముందు మూడు ఫ్యాన్లు.

ఊరు నవ్వింది. టీ అంగడి దగ్గర ఒకడు అడిగాడు.

"ఏం మామా, కంప్యూటర్లో వానలు పడినాయా?"

"పడినాయి రా. నీ చేన్లో పడలేదా? అయ్యో, నీకూ చేను లేదు గదా."

ఆ నవ్విన వాళ్లంతా అదే కౌలు డబ్బు తీసుకుని ఆ టీ అంగడి అరుగు మీద పేకాడుతున్నవాళ్లు. ఆ సంతాప సభలో ముందు వరసలో కూర్చున్నదీ వాళ్లే.

ఆ ఆటలో వేరుశనగ లేదు. ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, ఉంది. "మన్ను కింద కాసేది ఏదైనా శెనక్కాయే" అని ఆయన తీర్పు చెప్పుకున్నాడు. ఉర్లగడ్డ వేసి శెనక్కాయ అనే పిలిచేవాడు. నేను వాదించాను. "నువ్వు పుస్తకం చదివి సేద్యం చేసేవాడివి, నేను పెట్టెలో చేసేవాణ్ని. ఇద్దరి కాళ్లకూ మన్ను లేదు. మూసుకో బామ్మర్దీ" అన్నాడు.

నాగలికి ఎలా పూజ చేసేవాడో ఆ పెట్టెకూ అలాగే చేశాడు. ప్రతి శుక్రవారం పసుపు, కుంకుమ, ఆపైన సాంబ్రాణి. పెట్టె ఆన్ చేసి, ధూపం గిన్నె ముందు పెట్టేవాడు. ఫ్యాన్లు పొగను లోపలికి లాగేవి. ఆయన మురిసిపోయేవాడు. "చూడు, ఎట్ల పీలుస్తాదో! ఇన్నేళ్లు నాగలికి పొగేసినా, ఒక్కసారన్నా పీల్చిందా అది?"

ఎండలు ముదిరేసరికి పెట్టె నిలిచిపోవడం మొదలైంది. చేను సగం దున్నగానే ఫ్యాన్లు హోరుమనేవి, ట్రాక్టరు ఎగిరెగిరి నడిచేది, టక్కున తెర నల్లబడేది. దున్నినదంతా పోయేది. మళ్లీ మొదటి సాలు నుంచి. మా బావ అరవలేదు, కొట్టలేదు. నల్లబడిన తెర ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. చేనిచ్చేసిన కొత్తలో గట్టు మీద అలాగే కూర్చునేవాడు. మా చెల్లెలు అది చూడలేక నన్ను పిలిపించింది. "చేను ఒకతూరి పోయింది. రోజూ పోతా ఉంటే ఎట్ల తట్టుకుంటాడన్నా?" అంది.

నేను లో వోల్టేజి అన్నాను. ఊరి చుట్టూ ఇంత కరెంటు పుడుతుంటే ఇళ్లల్లో దీపం వణుకుతుంది కాబట్టి నాకు ఆ కోపం సిద్ధంగానే ఉంది. స్టెబిలైజర్ పెట్టించాను. నిలిచిపోయింది. మా బావ దిష్టి అన్నాడు. నిమ్మకాయ కట్టాడు. నిలిచిపోయింది. గూట్లో ఉన్న పెట్టెను గాలి ఆడేలా నడి ఇంట్లో పెట్టాం. పక్క గాజు తీసి టేబుల్ ఫ్యాన్ తిప్పాం. కిటికీకి తడి గోనె కట్టాం. ఇంకొన్ని సాళ్లు ఎక్కువ నడిచి, నిలిచిపోయింది.

పెట్టె అమ్మిన అంగడివాడికి ఫోన్ చేశాం. వాడి పేరు రాయను, రాస్తే వాడికి బేరాలు పెరుగుతాయి. చెట్లూ గడ్డీ నీడలూ తగ్గిస్తే పెట్టె మీద బరువు తగ్గి చల్లబడుతుందన్నాడు. ఎలా తగ్గించాలో ఫోన్లోనే చెప్పాడు, చేశాం. అది నిజమే, పెట్టె ఆగలేదు. కానీ మా బావే ఆగిపోయాడు.

"ఇదేందప్పా, చెట్టు కింద నీడ లేదు?"

"నీడ తీసేస్తేనే చల్లగా ఉంటుందంట బావా."

"నీడ తీసేస్తే చల్లగా ఉంటాదా! ఏ ఊరోడప్పా ఆ మాట చెప్పినోడు? నా చేన్లో ఇప్పుడు పలకల కింద తప్ప యాడా నీడ లేదు. ఈడ కూడా లేకపోతే నాకెందుకీ పెట్టె? పెట్టు, నీడ పెట్టు మళ్లీ."

పెట్టాం. నిలిచిపోయింది. అంగడివాడు ఈసారి పెట్టె ముసలిదైంది, కొత్తది కొనమన్నాడు. నేనూ కొనేద్దామన్నాను. మా బావ తలూపలేదు. "ఇనుము కూడా అలిసిపోతాది. అలిసినదాన్ని అమ్మేసేదేనా? ఏం నొప్పో చూడాల గదా" అన్నాడు.

ఆ నొప్పి మా చెల్లెలి ముక్కుకు దొరికింది. ఒక మంగళవారం పూట, పెట్టె హోరుమంటుండగా వంటింట్లోంచి వచ్చి, "ఎవరు పూజ చేసినారు?" అంది. ఎవరూ చేయలేదన్నాం. "మరి సాంబ్రాణి వాసన యాడ్నుంచి వస్తా ఉండాది?" ముగ్గురం పెట్టె దగ్గరికి వంగాం. వేడెక్కే కొద్దీ పెట్టె లోపలి నుంచి శుక్రవారం వాసన వస్తోంది.

ప్లగ్గు పీకి, చల్లారనిచ్చి, మా బావ తన చేత్తోనే మరలు విప్పాడు. ప్రాసెసర్ మీద వేడిని బయటికి లాగే అల్యూమినియం రెక్కలుంటాయి. వాటి మధ్య గాలి పారాలి. అక్కడ గాలికి సందే లేదు. దారి దుమ్ము, సాంబ్రాణి జిడ్డు కలిసి గొంగడి ముక్కలా మెత్తగా పేరుకుపోయి ఉంది. పెట్టె అన్నాళ్లూ భక్తిగా పీల్చిందంతా గుండెల్లో దాచుకుంది.

మా చెల్లెలు ముందు నవ్వింది. "నాగలి పీల్చలేదంటివే, ఎంత బుద్ధిమంతురాలో చూడు!" మా బావ సిగ్గుపడ్డాడు. ఆయన సిగ్గుపడటం నేను వాళ్ల పెళ్లిలో చూశాను, మళ్లీ ఆ రోజే.

పొద్దంతా శుభ్రం చేశాం. ఫ్యాను తిరగకుండా దానికి చీపురుపుల్ల అడ్డం పెట్టి, పాత పళ్ల బ్రష్షుతో ఆ రెక్కల సందుల్ని ఆయన గీకాడు. జిడ్డును స్పిరిట్ దూదితో నేను తుడిచాను. ప్రాసెసర్‌కూ రెక్కలకూ మధ్య పూసే పేస్టు సున్నంలా ఎండి పెళుసైంది. అది తుడిచి కొత్తది గింజంత పెట్టి బిగించాం. మూత వేసేముందు ఆయన పెట్టె మీద చెయ్యి ఉంచి, ఎద్దుతో మాట్లాడే గొంతుతో, "ఇంక నీకు పొగ వద్దులే" అన్నాడు.

సాయంత్రం ఆన్ చేశాడు. నీడలన్నీ పెట్టుకునే. పెట్టె మెల్లగా గుసగుసలాడింది, అంతే. మొదటి సాలు, రెండోది, పదోది. చేను నల్లబడుతూ వచ్చింది. సగం దాటింది. నేనూ మా చెల్లెలూ ఆయన వెనక నిలబడి చూస్తున్నాం. అప్పుడు నడి చేలో, అడ్డం ఏమీ లేని చోట, ఆయన ట్రాక్టరును మెల్లగా పక్కకు తిప్పాడు. గుండ్రంగా కొంత నేల వదిలేసి, చుట్టి వచ్చి, మళ్లీ సాలు పట్టుకున్నాడు.

"అది ఎందుకు వదిలినావు బావా?" అన్నాను.

ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు. మా చెల్లెలే చెప్పింది. "బండ ఉండాది గదన్నా ఆడ."

నేను చూసినన్నాళ్లూ తెర నల్లబడింది ఆ బండను చేరకముందే. అందుకే నాకు తెలియలేదు. ఆ సాయంత్రం ఆయన గట్టు దాకా దున్ని, ట్రాక్టరును చెట్టు నీడన నిలబెట్టి, కుర్చీలో వెనక్కి వాలి హాయిగా కాళ్లు చాపాడు. ఫ్లెక్సీ కట్టినవాళ్లారా, ఆయన ఆనందం చూడాలంటే ఆ రోజు రావలసింది. అప్పటి నుంచి పోయేదాకా ఆయన ప్రతి పంటకూ దున్నాడు, ప్రతిసారీ ఆ బండను తప్పించాడు. బస్సు దిగి నేను వాళ్లింటికి పోతే, వీపు తిప్పకుండానే, "కూచో బామ్మర్దీ, ఈ సాలు అయిపోనీ" అనేవాడు. ఆ మాట విని విసుక్కునేవాణ్ని. ఇప్పుడు ఎవరైనా ఆ మాట అని నన్ను కాసేపు కూర్చోబెడితే బాగుండును.

దినాలు చేసిన రోజు ఇల్లంతా సాంబ్రాణి వేశారు. ధూపం పట్టుకున్నవాళ్లు ఆ గదిలోకి రాబోతుంటే మా చెల్లెలు గబగబా ముందు పోయి, మా బావ తువ్వాలు తీసి పెట్టె మీద కప్పి, పొగ పోయేదాకా రెండు చేతులతో అంచులు అదిమి పట్టుకుంది. ఆ పెట్టె ఇక ఎందుకు, మాకియ్యమని అడిగిన బంధువులున్నారు. "చేన్లో పని ఉండాది ఇంకా" అని ఆమె చెప్పింది.

అందరూ వెళ్లాక తువ్వాలు తీసి, ఆన్ చేయమంది. ఏది నొక్కాలో ఆమే చూపించింది. చేను తెరుచుకుంది. దాదాపు అంతా దున్ని ఉంది, గట్టు పక్కన ఒక్క సాలు మిగిలింది. ట్రాక్టరు ఒక చెట్టు దగ్గర ఆగి ఉంది, సీతాఫలం కాదు, ఏదో పేరు తెలియని చెట్టు.

"తోలన్నా" అంది.

"నాకు రాదమ్మా."

"నాకూ రాదు."

ఇద్దరం అలాగే కూర్చున్నాం. పెట్టె వేడెక్కలేదు. తెరలోని పొద్దు మెల్లగా వాలింది. చెట్టు నీడ కొంచెం కొంచెంగా సాగి, ఖాళీ సీటు మీదికి వచ్చి, అక్కడి నుంచి దున్నిన మన్ను దాటుకుంటూ, ఆయన దున్నకుండా వదిలిన ఆ గుండ్రటి నేల వైపు పోతోంది.