కషాయం తాగుతున్నానుగా అనుకుని ఎకో మానేశాను

నేను ఏలూరులో జాకెట్లు కుడతాను. రంజాన్ బట్టల హడావిడిలో ఒక మధ్యాహ్నం నా జాకెట్టుకు నేనే కొలత తీసుకుంటుంటే, ఎడమ చంక దగ్గర టేపు కింద గట్టిగా ఏదో తగిలింది. నొప్పి లేదు. పండగ వెళ్లాక చూద్దాంలే అనుకున్నాను. తర్వాత బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. ఎడమ రొమ్ము తీసేశారు.

ఆ పైన కీమో. అందులో ఎర్ర మందు అనేదాన్ని మొదలుపెట్టే ముందు డాక్టరుగారు, “ఇది కొందరికి గుండె మీద పడుతుందమ్మా. ఆపరేషన్‌కి ముందు తీసిన ఎకో, అదే గుండె స్కానింగ్, బాగుంది. మందు రెండు సైకిల్స్ ఎక్కించాక మళ్లీ తీయించండి” అన్నారు.

తాడేపల్లిగూడెంలో ఉండే మా అక్క ఆ మాట విని హడలిపోయింది. అక్కడి మూలికల కొట్లో తెల్లమద్ది బెరడు కొని తెచ్చింది. “గుండెకి మంచిదంటమ్మా. పొద్దున్నే కాచుకుని తాగు. డాక్టరుగారికి ఓ మాట చెప్పు” అంది. తాగాను. చెప్పలేదు.

ఎకో రోజు రానే వచ్చింది. గది బయట బల్ల మీద కూర్చుని చూస్తే లోపల ఎకో తీసేది మగమనిషి. జాకెట్టు విప్పాలి. ఆ కుట్ల చోటును నేనే అద్దంలో చూసుకోవడం లేదు, మావారికీ చూపించలేదు. రోజూ ఎందరో ఆడవాళ్లకు టేపు చుట్టి, “నా దగ్గర సిగ్గేంటండీ” అని ఆటపట్టించే దాన్ని నేను! పేరు పిలిచేసరికి లేచి ఇంటికి వచ్చేశాను. కషాయం తాగుతున్నానుగా, గుండెకేం కాదులే అని దారి పొడవునా సర్దిచెప్పుకున్నాను. ఆ బెరడు నాకు మంచి సాకుగా దొరికింది.

డాక్టరుగారు అడిగితే, “తీయించానండి, రిపోర్టు ఇంట్లో మర్చిపోయాను” అన్నాను. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టు ఉంటుంది.

నాలుగో సైకిల్ తర్వాత మిషను తొక్కుతుంటే ఆయాసం వచ్చేది. కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. పడుకుంటే ఊపిరాడేది కాదు. ఆకివీడులో చేపల లారీలకు మెకానిక్‌గా పనిచేసే మావారు పని వదిలేసి వచ్చారు. ఆయనా అక్కా నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లారు. వెళ్లగానే ఎకో తీశారు. నా మీద దుప్పటి కప్పి, తీసే అతను తెర వైపే చూశాడు. సిగ్గుపడే ఓపిక కూడా నాకు లేదు.

“గుండె పంపింగ్ బాగా తగ్గింది. ఎర్ర మందు ఆపేస్తున్నాం” అన్నారు డాక్టరుగారు. “బయట మందులేమైనా వాడుతున్నారా?”

మావారు అక్క మీద విరుచుకుపడ్డారు. “ఇదుగో, వదినగారి కషాయమండీ! అదే దీని ప్రాణం మీదకి తెచ్చింది.”

“మంచికే తెచ్చానండీ, నాకు తెలీదండీ” అంటూ అక్క ఏడ్చేసింది. నేను నోరు మూసుకుంటే ఆ నింద దాని మీదే ఉండిపోతుంది.

చివరికి, “అక్క తప్పు కాదండీ. నేనే ఎకోకి వెళ్లలేదు. అబద్ధం చెప్పాను” అన్నాను.

“ఎందుకమ్మా?” అని అడిగారు డాక్టరుగారు.

పైట దగ్గరగా లాక్కున్నాను. అక్కకు అర్థమై నా భుజం పట్టుకుంది.

“ఆ బెరడు గుండెకి మంచిదని పేరుంది. ఈ మందుతో కలిస్తే ఏమవుతుందో నేనూ చెప్పలేను” అన్నారు డాక్టరుగారు. “ఎకో చూసుంటే మాత్రం ముందే పసిగట్టేవాళ్లం.”

పక్కనున్న నర్సు మెల్లగా, “ఓ మాట అడిగుంటే ఎకో తీసే ఆడమనిషి ఉన్న రోజుకి రాసేదాన్ని కదండీ” అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

కషాయం ఆపించారు. కీమో మందు మార్చి, గుండెకు మాత్రలు ఇచ్చారు. పంపింగ్ కొంత కోలుకుంది, పూర్తిగా కాదు. ఇప్పుడు మిషనుకు మోటారు పెట్టించుకుని నెమ్మదిగా కుడుతున్నాను.

నా దగ్గర జాకెట్లు కుట్టించుకోవడానికి కొల్లేటికోట నుంచి వచ్చే ఒకావిడకు ఈమధ్య కీమో మొదలైంది. “ఆ బెరడు ఎక్కడ దొరుకుతుందండీ?” అని అడిగింది. డాక్టరుగారిని అడగకుండా ఏదీ తాగొద్దని చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను. ఎకో మాత్రం మానకండి. గది ముందు సిగ్గు ముంచుకొస్తే, “ఆడవాళ్లు ఎవరైనా ఉన్నారాండీ?” అని అడగండి. ఆ ఒక్క ముక్క అడగలేక నేను నా గుండెలో కొంత పోగొట్టుకున్నాను.