గాలివాన ఏడాది నుంచి లెక్క

ఆ రోజుల్లో మా ఇంట్లో ప్రమాదం ఎప్పుడూ పొగడ్త వేషంలోనే వచ్చేది. ఆ ఆదివారం పప్పుచారులో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను. చంటివాడు మొదటి ముద్దే ఉమ్మేశాడు. మా వారు మాత్రం రెండోసారి పోయించుకుని, “బ్రహ్మాండంగా ఉందోయ్!” అన్నారు. గరిటె పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఈయనకు నా దగ్గర ఏదో కావాలి. నా దగ్గర ఉన్నదల్లా ఇద్దరు పిల్లలూ, ఒక బి.ఏ. డిగ్రీ, దివిసీమలో మా నాన్న పసుపు కుంకుమ కింద రాసిచ్చిన రెండెకరాల మాగాణీ. మొదటి రెండింటినీ కొనేవాళ్లెవరూ లేరు.

పక్క పీటమీద భోంచేస్తున్న బావగారిని చూశాక అనుమానం తీరిపోయింది. ఈయన మా వారికి పెద్దమ్మ కొడుకు, ఆ పొద్దున్నే గుడివాడ నుంచి రైలు దిగారు. చాటున మేం ఆయన్ని ‘సూచీ బావగారు’ అనేవాళ్లం. సూచీ అంటే, పెద్ద పెద్ద కంపెనీల షేర్ల ధరలన్నీ కలిపి, ఒక ఏడాదిని వందనుకుని, అక్కణ్ణించి ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో చెప్పే అంకె. ఇంగ్లీషు పేపర్లో వచ్చే ఆ అంకె ఆయనకు కంఠతా ఉండేది. సొంత పిల్లల పుట్టిన రోజులకు వాళ్లావిడని అడిగేవారు గాని, ఏ ఏడు సూచీ ఎంతో చెప్పడానికి మాత్రం తడుముకునేవారు కాదు.

భోజనాలయ్యాక మంచం మీద రెండు గ్రాఫు కాగితాలు పరిచారు. ఒకదాని మీద ఎర్రసిరా గీత బెజవాడ కొండ మెట్లలా పైకి పోతోంది. రెండోదాని మీద నల్లసిరా గీత నూతిలోకి దిగుతోంది.

“చూడమ్మాయ్! ఇది షేర్లు. అయిదేళ్ల కిందట వంద, ఇవాళ రెండొందలు. ఏడాదికి నూటికి ఇరవై! ఇదేమో నీ పొలం. ఆ ఏడు ఎకరానికి ఇరవై ఎనిమిది బస్తాలు, నిరుడు ఇరవై. ఇది అమ్మేసి అవి కొన్నామనుకో, పిల్లలు పెద్దయ్యేసరికి...”

“మేడ!” అన్నారు మా వారు, అప్పటికే దాని మీద నిలబడి ఊరు చూస్తున్నట్టు.

మా వారిది బడిపంతులు ఉద్యోగం. జీతం ఇరవయ్యో తారీకు దాటేది కాదు. ఆ పైన మా పిల్లల కడుపు నింపింది చల్లపల్లి అవతల నుంచి వచ్చే ఆ పొలం బియ్యమే. తలుపు చాటు నుంచే అన్నాను, “ఏడాదికి ఇరవై కాదండీ. పెరిగినదాని మీద మళ్లీ పెరుగుతుంది కదా, పదిహేనుకి లోపే పడుతుంది.”

“పదిహేనైతే మాత్రం చేదా ఏమిటి?” అన్నారు బావగారు. అన్నదమ్ములిద్దరూ హాయిగా నవ్వుకున్నారు. (బి.ఏ. ఎకనామిక్స్‌తో నేను కొట్టిన మొదటి దెబ్బ అలా గాలికి పోయింది.)

ఆ నల్లగీతను చూస్తుంటే మా పుట్టింటి అరుగు గుర్తొచ్చింది. ఏటా కౌలు మాట్లాడుకునే రోజు కౌలుదారు లెక్క ఎప్పుడూ బాగా పండిన ఏడాది నుంచి మొదలయ్యేది, “చూడండి బాబూ, ఎలా పడిపోయిందో!” అని. కౌలు పెంచాలనుకునే మా నాన్న గాలివాన ఏడాది నుంచి మొదలుపెట్టేవారు, “ఎంత పెరిగిందో చూడవోయ్!” అని. ఇద్దరూ ఒక్క అబద్ధం ఆడేవారు కాదు. పొలమూ ఒక్కటే. మా దివిలో చంటిపిల్లలకు కూడా తెలిసిన ఈ విద్యను, పాపం, గుడివాడ నుంచి రైల్లో మోసుకొచ్చి నాకే చూపిస్తున్నారు!

తలుపు చాటు వదిలి ముందుకొచ్చాను. “బావగారూ, ఆ వందకి ముందు ఏడాది సూచీ ఎంతండీ? మీకు గుర్తుండదేమోలెండి.”

“నాకు గుర్తుండకపోవడమా? నూట అరవై!” అనేసి, వెంటనే నాలిక కరుచుకున్నారు.

“అంటే అప్పుడు కొన్నవాడికి ఆరేళ్లలో నూట అరవై రెండొందలైంది. ఏడాదికి నూటికి నాలుగు కూడా పడలేదు. మధ్యలో వందకు దిగినప్పుడు ఇంట్లో ఆవిడకి ఏం చెప్పుకున్నాడో!”

“కంపెనీలు ఏటా పంచే డివిడెండ్లు వస్తాయి కదమ్మా! అవి లెక్కలోకి రావా?”

“వస్తాయి, వేసుకోండి. నా పొలాన్ని కూడా గాలివాన ఏడాది నుంచి వేసుకోండి. అదీ మెట్లెక్కుతుంది.”

“ఆడపిల్లకి ఎకనామిక్స్ చెప్పించాడు చూడు, మీ నాన్నని అనాలి!”

“అనండి. పొలం ఇచ్చిందీ ఆయనే.”

మా వారి మొహం ఎర్రబడింది. “ఇంతకీ సంతకం పెడతావా, పెట్టవా?”

“పెట్టను!”

(ఆ మాట వీధి మలుపు దాకా వినబడిందని పక్కింటి పిన్నిగారు తరవాత చెప్పారు.) బావగారు కాగితాలు చుట్టుకుని సాయంత్రం బండికే వెళ్లిపోయారు. మా వారు ఆ పూట మజ్జిగతో సరిపెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నారు.

మరుసటి ఏడాది సూచీ ఇంకా పెరిగింది. బావగారు రేడియో కొని, ఆ సంగతి కార్డు రాశారు. ఆ పై ఏడాది పడిపోయింది. కార్డు రాలేదు. పిల్లలు నిద్రపోయాక ఇలా కూర్చుని రాస్తుంటే నేను గెలిచానో ఓడానో ఇప్పటికీ తేలడం లేదు. ఎక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాలో తెలిస్తేగా! కాని తలుపు చాటు వదిలి ఇద్దరు మగవాళ్ల ముందు నిలబడిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముచ్చటా వేస్తుంది. ఇప్పుడైతే అంత గట్టిగా అరవగలనో లేదో.

ఆ గొడవ జరిగిన మర్నాడు పొద్దున అమ్మాయికి జడ వేస్తున్నాను. చంటివాడు నా ఒళ్లో ఉన్నాడు. “నాన్న మేడ కడతారటగా, నువ్వెందుకొద్దన్నావమ్మా?” అంది అమ్మాయి. మా వారు గదిలో చొక్కా తొడుక్కుంటున్నారు. ఆయనకు వినబడేలాగే చెప్పాను.

“కట్టనీ తల్లీ, నేనూ ఎక్కుతాను. మీ అన్నం అమ్మి మాత్రం కట్టడానికి వీల్లేదు. ఎవరడిగినా మా అమ్మ ఒప్పుకోదని చెప్పండి.”

“ఎవరడిగినానా?”

“మీ నాన్న అడిగినా సరే. ఇక తల కదపకు.”