రెండు ట్రాన్సిస్టర్ల మధ్య సందు

కర్నూలులో ఇరవై ఏళ్లుగా ఇన్వర్టర్లు బాగుచేస్తున్నాను. పని తెలిసినవాడినన్న పొగరు నాకు కొంచెం ఎక్కువే. నాయన కోసం ఇన్వర్టర్ తయారు చేసింది కూడా ఆ పొగరుతోనే.

నాయన బేతంచెర్లలో బండలు కోసి ఇళ్లకు పరిచేవాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, చివరికి మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ పెట్టాల్సి వచ్చింది. వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టర్ మీద ఆ మిషన్ గుర్రుమంటూ వేడెక్కేది. దానికి మామూలు కరెంటు లాంటి నున్నటి అల కావాలి.

బ్యాటరీ నుంచి కరెంటు తిన్నగా వస్తుంది. దాన్ని ట్రాన్సిస్టర్లు సెకనుకు వేలసార్లు తెరుస్తూ మూస్తూ ముక్కలు చేస్తాయి. ఏ ముక్క వెడల్పుగా ఉండాలో, ఏది సన్నగా ఉండాలో సరిగ్గా లెక్క కడితే అవన్నీ కలిసి అల అవుతాయి. జతలో ఒక ట్రాన్సిస్టర్ మూసుకున్నాకే రెండోది తెరుచుకోవాలి. రెండూ ఒకేసారి తెరుచుకుంటే కాలిపోతాయి. అందుకే మధ్యలో కాస్త సందు, అంటే రెండూ మూసి ఉండే రెప్పపాటు కన్నా చిన్న వ్యవధి, వదులుతాం. ఆ సందు పెరిగితే అల వంకరపోతుంది.

నేను పెట్టె బిగిస్తుంటే నాయన ముక్కుకు గొట్టంతో కూర్చుని ఇదంతా అడిగి చెప్పించుకున్నాడు.

"ఎండకు సాగుతాయని బండలకే సందు ఇడుస్తామప్పా. ఇవి కాగవా? ఇంకొంచెం ఇడువు" అన్నాడు.

"ఇది బండల పని కాదులే నాయనా" అన్నాను. అల ఎంత అందంగా వచ్చిందో నాకు తెలుసు. షాపులో ఫ్యాను కింద, బల్బులు పెట్టి చూసుకున్నాను మరి.

మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మాది రేకుల ఇల్లు. పావుగంట నడిచి, నా ఇన్వర్టర్ టప్‌మంది. ఆ ఉడుకుకు ట్రాన్సిస్టర్లు మూసుకోవడం ఆలస్యమై, నేను వదిలిన సందు చాలలేదు. పక్కింటి మామ ఆటోలో సిలిండర్ తెచ్చేదాకా అమ్మ విసనకర్రతో విసురుతూనే ఉంది. నాయన పెదవులు నల్లబడుతుంటే నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని ఊరికే నిలబడ్డాను.

చూడడానికి వచ్చినవాళ్లతో నాయన, "బ్యాటరీ చెడిపోయిండాది. మావోడు చేసిందాంట్లో తప్పేం లేదు" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

సందు పెంచాను. మళ్లీ ఎప్పుడూ కాలలేదు. కానీ కరెంటు పోయినప్పుడల్లా నాయన మంచం పట్టె పట్టుకుని ఊపిరి బిగబట్టేవాడు.

"ఇప్పుడేం కాదు నాయనా, వదులు" అనేవాడిని.

"నాకు తెల్సప్పా" అనేవాడు. అయినా బిగబట్టేవాడు. నెల తిరక్కుండా పోయాడు. ఆ రోజంతా కరెంటు ఉంది.

సమాధి మీద బండలు పరిచే మేస్త్రీ సందు లేకుండా ఒకదానికొకటి ఆనించి బిగిస్తున్నాడు.

"సందు ఇడువప్పా, ఎండకు సాగుతాయి" అన్నాను.

మేస్త్రీ బండను కొంచెం వెనక్కి జరిపాడు. నాయన చెప్పినప్పుడే నేను ఆ మాట విని ఉంటే, ఆ ఆఖరి నెల ఆయన భయపడకుండా ఊపిరి తీసుకునేవాడు.