గూడ్సు బండి చివరి పెట్టె

మా కోనసీమలో రైలు లేదు. వస్తుందంటున్నారు, గోదావరిలో స్తంభాలు కూడా లేచాయి. అవి వంతెన అయ్యేదాకా రైలు చూడాలంటే మేం గౌతమి దాటాల్సిందే. కొత్తపేటలో నాకు ఫొటో స్టూడియో ఉంది. ముహూర్తాలు లేని ఆదివారం వస్తే చాలు, మోటారుసైకిలు మీద జొన్నాడ, మండపేట మీదుగా ద్వారపూడి అవతల చేలగట్టుకు చేరుకుంటాను. విజయవాడ నుంచి విశాఖపట్నం వెళ్ళే ఆ లైనుకు తీరిక ఉండదు. బొగ్గు, ఎరువులు, సిమెంటు మోసుకుంటూ గూడ్సు బళ్ళు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. పెళ్ళిళ్ళలో మనుషుల్ని తీసి తీసి విసిగిన నాకు గూడ్సు బండి ఒక సుఖం. సరిగ్గా మీట నొక్కేసరికి అది కళ్ళు మూయదు. ఇంకాస్త తెల్లగా చెయ్యండని అడగదు.

మా ఆవిడ నాతో రావడం మొదలుపెట్టింది ఫొటోల కోసం కాదు.

"షుగరు పెట్టుకుని మిట్టమధ్యాహ్నందాకా ఖాళీ కడుపుతో ఎండలో నిలబడతానంటే ఎలాగండీ? కారేజీ పట్టుకుని నేనూ వస్తాను" అంది.

వచ్చింది. ఊరికే కూర్చోవడం ఎందుకని స్టూడియోలోని పాత కెమెరా ఆమె చేతికిచ్చాను. ఎండ ఎటు పడుతోందో చూసుకుని అటు నిలబడాలని, ఇంజను ముఖం నిండుగా రావాలని, దాని వెనక వ్యాగన్లు వరుసగా కనబడాలని పాఠం చెప్పాను. ఆయ్, ఆయ్ అంటూ విన్నది. కానీ బండి వచ్చే వేళకు ఆమె తాటిచెట్టు కింద కారేజీ విప్పుతోంది. ఇంజను వెళ్ళిపోయాక గానీ గట్టెక్కలేదు.

ఆ సాయంత్రం స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చున్నాం. నా ఇంజను ఫొటోలు శుభ్రంగా ఉన్నాయి, అంతకుముందు తీసినవాటిలాగే. ఆమె తీసింది ఒక్కటే. బండి చివరి పెట్టెలో గార్డు ఒక్కడే కూర్చుని అన్నం తింటున్నాడు. కారేజీ గిన్నె పైకెత్తి, భోంచేద్దాం రండి అన్నట్టు ఇటే చూస్తున్నాడు. అతని ముందు బండంతా వంపు తిరిగి దూరమైపోతోంది.

నేను ఫొటోను పెద్దది చేసి అంచులన్నీ వెతికాను. తర్వాత అన్నాను, "కాస్త వంకరగా వచ్చింది."

నిజంగానే వంకర ఉంది. అది కనబడినందుకు నాకు కలిగిన సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాతి ఆదివారం ఎండ ఎదురుగా కొట్టే వైపు ఆమెను నిలబెట్టాను. దగ్గరుండి నిలబెట్టాను. అయినా ఆమె తీసిన ఫొటో బాగానే వచ్చింది.

స్టూడియోలోంచి బయటికి వెళ్ళే ఏ ఫొటో మీదైనా కుడి మూల మా స్టూడియో పేరు పడుతుంది. మీట ఎవరు నొక్కారని మా వృత్తిలో ఎవరూ అడగరు. రైళ్ళ ఫొటోలు తీసేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ గార్డు ఫొటో పెట్టినప్పుడూ అలాగే పడింది. వరదలా మెచ్చుకోళ్ళు. "మాస్టారూ, ఇంజన్లు ఎవడైనా తీస్తాడండీ. గార్డుని పట్టేరు చూడండి, అదీ కన్నంటే!" అని ఒకాయన రాశాడు. ఆ ఎవడైనా నేనే. అయినా "థాంక్సండి" అని జవాబిచ్చాను. పక్క కుర్చీలో పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తూ మా ఆవిడ, "మీ కన్నుకు దిష్టి తియ్యాలండీ" అంది. నవ్వుతూనే అంది. నేనే నవ్వలేకపోయాను.

కొన్నాళ్ళకు ఆ గ్రూపువాళ్ళు రాజమండ్రిలో ప్రదర్శన తలపెట్టారు. మనిషికో ఫొటో. నన్ను గార్డు ఫొటోయే పంపమని ఫోను చేశారు. ఆమె ఎదురుగానే చెప్పాను, "అది పెద్ద ప్రింటుకు ఆగదండి. ఇంజను ఫొటో పంపుతాను."

ఫోను పెట్టేశాక ఆమె అడిగింది. "ఆగదాండీ? మొన్న ఆ కెమెరాతోనే కదా, పెళ్ళికొడుకుని గోడంత చేసేరు?"

"నీకేం తెలుసు? కత్తిరించే పని చూసుకో" అన్నాను.

ఆమె కత్తెర బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది. ఆదివారం పొద్దున్న కారేజీ నా చేతికిచ్చి, "నేను రానండి" అంది. పాత కెమెరా స్టూడియో బీరువాలో, నేను పెట్టే చోటే, తిరిగి పెట్టేసి ఉంది.

ఒక్కణ్ణే వెళ్ళాను. రెండు బళ్ళు తీసి, తాటిచెట్టు కింద కారేజీ విప్పి ముద్ద కలుపుతుండగా ఇంకొకటి వచ్చింది. లేవలేదు. వ్యాగన్లన్నీ వెళ్ళిపోయి చివరి పెట్టె ఎదురయ్యేసరికి గార్డు కటకటాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మనిషి కనబడ్డాడు, నా చేతిలో గిన్నె ఉంది. ఆలోచించకుండానే గిన్నె ఎత్తి, రండి భోంచేద్దాం అన్నాను. అతను పొట్ట తడిమి, అయిపోయిందన్నట్టు చెయ్యి ఊపి పెద్దగా నవ్వాడు. నా కెమెరా సంచీలో ఉంది.

ఇంటికెళ్ళి గుమ్మంలోనే అడిగాను. "ఆ వేళ గార్డుని ముందు పిలిచింది నువ్వేనా?"

"అదేం ప్రశ్నండీ? చేతిలో అన్నం గిన్నె పెట్టుకుని, మనిషి ఎదురుపడితే పిలవమా? నేను పిలిచేను, ఆయన తిరిగి పిలిచేడు. అప్పుడు తీసేను."

అన్నాళ్ళూ అది అదృష్టం కొద్దీ వచ్చిన ఫొటో అనుకుని నన్ను నేను ఓదార్చుకున్నాను. ఆ ఓదార్పు కూడా పోయింది. ఏళ్ళ తరబడి ఆ గట్టు మీద నిలబడి, ఇంజను దాటగానే కెమెరా దించేసినవాణ్ణి నేను. ఆ చివర మనిషి ఉంటాడని తెలుసు. చూడలేదంతే.

ఆ రాత్రే గ్రూపువాళ్ళకు ఫోను చేసి, అబద్ధం చెప్పానని, ఫొటో మా ఆవిడదని చెప్పాను. మర్నాడు గోడకు సరిపడా ప్రింటు తీశాను. వంకర సరిచెయ్యలేదు. కింద ఆమె పేరు వేశాను.

"స్టూడియో పేరు మర్చిపోయేరు" అంది చూసి.

"స్టూడియో తియ్యలేదు కదా."

"మరి వంకరో?"

"ఉండనీ."

ఆమె ప్రింటును కాగితంలో చుట్టింది. ఆ వేళ నేనన్న మాట మన్నించిందో లేదో నేను అడగలేదు. ప్రదర్శన రోజున మాత్రం పట్టుచీర కట్టుకుని వచ్చింది.

హాల్లో జనం ఆమె చుట్టూ మూగారు. నేను నీళ్ళ సీసా, ఆమె చేతిసంచీ పట్టుకుని స్తంభం పక్కన నిలబడ్డాను. ఒకాయన, గ్రూపులో కన్ను గురించి రాసినాయనే కాబోలు, నా దగ్గరికి వచ్చాడు.

"తమరు మేడంగారి తాలూకాండీ?"

నేనూ ఫొటోగ్రాఫర్నేనని, ఆ కెమెరా నాదేనని, ఆమెకు నేర్పింది నేనేనని నోటిదాకా వచ్చింది. జనం మధ్యలోంచి ఆమె ఇటే చూస్తోంది.

"ఆయ్" అన్నాను.