ఇంటామె పెట్టాల్సిన బండ

వేసవి సెలవులకు పుట్టింటికి వచ్చి, వంటింట్లోనైతే కాస్త చల్లగా ఉంటుందని అందరం అక్కడే చేరి మామిడికాయలు తరుగుతూ కూర్చున్నాం. మా పాప మాత్రం నా తమ్ముని కొడుకు దగ్గర అడిగి తెచ్చుకున్న కొత్త ఆటపెట్టెను రెండు చేతులా పట్టుకుని, గోడకు ఆనుకుని, తల ఎత్తకుండా ఆడుతోంది. ఆడగా ఆడగా అది వేడెక్కింది. కొత్త ప్లాస్టిక్కూ బ్యాటరీ వేడీ కలిసిన సన్నని వాసన పచ్చిమామిడి పులుపును దాటుకుని నా ముక్కుకు తగిలింది.

"అమ్మా, నాకూ ఇట్లాంటిది కొనిస్తావా? కొనొచ్చో వద్దో నువ్వే చూసి చెప్పు" అంది పాప.

నేనేం చెప్తాను, ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని. అయితే ఆ వాసన నాకు కొత్త కాదు. ఇదే వంటింట్లో, ఇదే గోడ పక్కన, పాప వయసులో ఉన్నప్పుడు నేనూ సరిగ్గా ఈ మాటే మా నాయనను అడిగాను.

మా ఊరు బేతంచెర్ల దిక్కున ఉంది. ఎటు చూసినా నాపరాయి గనులే. ఎండాకాలం వచ్చిందంటే నేల కిందనుంచీ నెత్తి మీదనుంచీ కాలేది. గనుల నుంచి బండలు ఎత్తుకుని లారీలు పోతుంటే లేచే బూడిదరంగు దుమ్ము వేపచెట్ల మీద, ఎనుముల వీపుల మీద, ఆరేసిన వడియాల మీద ఒకే తీరుగా పరుచుకునేది. ఆ దినాల్లో పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం జొన్నరొట్టెలోకి చెనిక్కాయల ఊరిబిండి, సాయంత్రం బొరుగుల్లో ఉల్లిగడ్డ కలుపుకుని వాకిట్లో కూర్చుని తింటుంటే గాలి తిరిగేది. ఉగాదికి ముందు శ్రీశైలానికి నడిచిపోయే కన్నడం వాళ్లు కంబళ్లు భుజాన వేసుకుని మా వీధి మీదుగా పోయేవారు. వాళ్లు కాళ్లు చల్లబరుచుకోవడానికి మా ఇంటి ముందర గదిలో బండల మీద కూర్చుని, "ఏం నున్నగా పరిచినాడప్పా" అని అరచేత్తో నిమిరి మరీ పోయేవారు.

పరిచింది మా నాయన ఓబులేసు. బండలు పరచడమే ఆయన పని. దారం కట్టి, రసమట్టం పెట్టి, ఒక కన్ను మూసి చూసి, బండను అలా నెమ్మదిగా దించేవాడు, నిద్రపోయే బిడ్డను మంచం మీద దించినట్టు. తర్వాత వేలి కణుపుతో బండ మీద కొట్టి చెవి ఆనించేవాడు. డొల్ల శబ్దం వచ్చిందా, ఎంత పొద్దుపోయినా సరే లేపి మళ్లీ పరచాల్సిందే. ఇంకో పద్ధతి కూడా ఉండేది ఆయనకు, వాళ్ల నాయన నేర్పింది. ఎవరింట్లో పరిచినా చివరి బండను తాను పెట్టేవాడు కాదు. ఒక మూలన దాని చోటు ఖాళీగా వదిలేసి, ఆ ఇంటి ఇల్లాలిని పిలిచి, ఇంత పసుపు, గుప్పెడు నవధాన్యాలు అడుగున వేయించి, ఆమె చేతులతోనే ఆ బండ పెట్టించేవాడు. ఇంటామె చెయ్యి పడకపోతే నేల నిలవదని ఆయన నమ్మకం.

అన్ని ఊర్లలో అన్ని నేలలు పరిచిన మనిషి ఇంట్లో వంటిల్లు మాత్రం మట్టినేల. అమ్మ వారానికోసారి పేడతో అలికేది. ఎండాకాలంలో అది నెర్రెలు విచ్చేది. ఆ నెర్రెల్లోంచి తేళ్లు వచ్చేవి. పొయ్యి దగ్గర కూర్చునే ముందు అమ్మ కట్టెపుల్లతో చుట్టూ గీరి చూసుకుని కూర్చునేది. "ఈ ఎండాకాలం పరుస్తా" అని నాయన ఏటా అనేవాడు. సిమెంటుకని కొంత దుడ్లు దేవుని గూట్లో దాచినాడు కూడా. బండలకే కుదరలేదు. పని చేసిన ఇళ్ల నుంచి తెచ్చి పెరట్లో పడేసిన ముక్కలు గుట్టగా ఉండేవి గానీ, మూలలు విరిగినవి, వంకరవి, పొడుగువి, వాటి వైపు నాయన చూసేవాడే కాదు. ముక్కలు పరిస్తే చేతిపనికి అవమానం అనేవాడు.

ఆ కాలంలోనే బస్టాండు దగ్గర రేడియోలు, గడియారాలు బాగుచేసే మస్తాన్ మామ అంగట్లో నాయన బండలు పరిచాడు. పరిచిన వారానికి మళ్లీ పోయి ప్రతి బండనూ కొట్టి చూసి రావడం ఆయన అలవాటు. ఆ రోజు నన్ను కూడా సైకిల్ మీద ఎక్కించుకుని పోయాడు. నాయన నేల మీద వంగి చెవి ఆనిస్తుంటే, నేను అద్దాల బీరువాలో ఉన్న ఒక వస్తువు ముందు నిలబడిపోయాను. దాన్ని వీడియో గేమ్ అంటారని మస్తాన్ మామే చెప్పాడు. అరచేతిలో పట్టేంత బూడిదరంగు పెట్టె, నడుమ బిస్కెట్టంత అద్దం, కింద నాలుగు పసుపుపచ్చ బొత్తాలు. మామ రెండు పెన్సిల్ సెల్లులు వేసి బొత్తాం నొక్కితే, అద్దంలో పైనుంచి చిన్నచిన్న నల్లటి ముక్కలు ఒకదాని వెంట ఒకటి దిగడం మొదలుపెట్టాయి. లోపల ఎక్కడో పిట్ట కూసినట్టు పాట. నాకు ఒళ్లు జలదరించింది. మనిషి చెప్పినట్టు వినే బొమ్మను అదే మొదటిసారి చూడటం.

"తీస్కపోబ్బా ఓబులేసూ" అన్నాడు మస్తాన్ మామ, "సంత దినం దాకా ఇంట్లో పెట్టుకోండి. నచ్చితే మీది, నచ్చకుంటే నాది."

నాయన దాన్ని తీసుకుని వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "లోపలంతా డొల్ల ఉండాది కదప్పా. ఇంత దుడ్లు పోసి డొల్ల కొంటామా?"

మామ పడీపడీ నవ్వాడు. నేను మాత్రం నాయన చొక్కా అంచు వదల్లేదు. ఆయన మొహం చూశాను, దేవుని గూట్లో దుడ్లు గుర్తుకొచ్చినట్టే ఉంది.

పెట్టె మాతో పాటు ఇంటికొచ్చింది. ఇంక ఇల్లు ఇల్లులా లేదు. వీధిలో పిల్లలంతా మా గడపలోనే. నాయనను కన్న మా జేజి మొదట దాని దగ్గరకే రాలేదు. "దాంట్లో ఏందో ఉండాదే, లేకుంటే ఊరికే కూస్తాదా" అని దూరంగా కూర్చుంది. మర్నాటికి ఆమే, సెల్లులు నీరసించినాయని వాటిని వడియాలతో పాటు ఎండలో పెట్టి, కాకి ఎత్తుకుపోకుండా కాపలా కాసింది. అమ్మ ఒక్కతే దాని జోలికి రాలేదు. రొట్టె తడుతూ, పొయ్యి ఊదుతూ, తేళ్ల కోసం పుల్లతో గీరుతూ తన పని తాను చేసుకుపోయింది. సిమెంటు దుడ్లే దానికి పోతాయని నాకు అర్థమయ్యేది. అర్థమైనా పెట్టె కావాలనే ఉండేది.

సంతకు ముందు రోజు నాయన పనికి పోలేదు. "ఏదీ, దాని సంగతేందో సూస్తాం" అని పెట్టె చేతికి తీసుకుని వంటింటి గడపలో కూర్చున్నాడు. ముక్కలు దిగుతున్నకొద్దీ ఆయన కళ్లు చిన్నవయ్యాయి. "ఈ పొడుగుది గడపబండ. ఇది మూలది. ఇది పీట. ఇది వంకరది, దీన్నిట్ల తిప్పల్ల" అని పేర్లు పెడుతూ, మేము కిందామీదా పడి నేర్చుకున్న ఆటను పుట్టుకతో వచ్చినవాడిలా పేర్చుకుంటూ పోయాడు. ఎక్కడా సందు లేదు. కానీ ఏ వరసా పూర్తి చేయడే! కుడిచేతి వైపు చివరన నిలువునా ఒక్క గడి ఖాళీగా వదిలేస్తున్నాడు. గోడ పైకి పెరిగిపోతోంది. మాకు ప్రాణం పోతోంది.

"నాయనా, పూడ్చు నాయనా! పూడిస్తేనే వరస పోతాది!"

"నేను పూడిస్తే ఇంటామె ఏం పెడతాది మే?" అన్నాడు, కళ్లు తిప్పకుండా.

జేజి నోట్లో ఆకువక్క ఉంచుకునే నవ్వింది. "ఆ పెట్టిలో ఇంటామె యాడుండాదిరా, రమ్మను మరి బయటికి!"

అప్పుడే పైనుంచి పొడుగాటి ముక్క ఒకటి దిగింది. నాయన చప్పున అమ్మ వైపు తిరిగి, "ఏమే, ఇట్ల రా, ఈడ ఒక్కటి నొక్కు" అన్నాడు. అమ్మ చేతులకు జొన్నపిండి. "నాకేం తెలుసు, నన్నెందుకు..." అంటూనే వంగి, నాయన చూపించిన బొత్తాం వేలితో నొక్కింది. గడపబండ నేరుగా ఆ ఖాళీలోకి దిగింది. అంతే, నాలుగు వరసలు ఒక్కసారిగా మినుకుమని మాయమయ్యాయి. పెట్టె ఎన్నడూ పాడని పాట పాడింది. పిల్లలంతా ఓ అని అరిచారు. అన్ని దినాలు ఆడినా మాలో ఒక్కరికీ ఒక్కసారి నాలుగు వరసలు పోలేదు మరి.

అమ్మ భయపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. "అయ్యో, నేను పెట్టంగానే అంతా పాయె!"

నాయన అద్దంకేసి చూస్తూ ఉండిపోయాడు. "ఇంత బాగా పరిచింది యాడికి పోయిందబ్బా?"

"యాడికి పోతాది, కిందికి పోయింటాదిలే" అంది అమ్మ, పిండి రాలుతున్న వేళ్లు చూసుకుంటూ. తర్వాత పొయ్యి వైపు తిరిగి, ఎవరితోనో అన్నట్టు, "బిడ్డ ముచ్చట పడతాంది, కొనీ. బండలు ఎట్లాగూ ల్యావు కదా, ఉత్త సిమెంటు పెట్టుకుని నేనేం చేస్తా" అంది.

నా గుండె ఎగిరి గంతేయాలి. వేయలేదు. బొత్తాం మీద అమ్మ వేలి పిండి తెల్లగా అంటుకుని ఉంది, దాన్నే చూస్తూ కూర్చున్నాను. నాయన పెట్టెను గడప మీద పెట్టి, లేచి పెరట్లోకి పోయాడు. కాసేపటికి రాయికి రాయి తగిలే చప్పుడు వినిపించింది. పోయి చూస్తే, ఎప్పుడూ కన్నెత్తి చూడని ఆ ముక్కల గుట్టను విప్పి, పొడుగువి ఒక పక్క, మూలవి ఒక పక్క, వంకరవి ఒక పక్క పేర్చుతున్నాడు.

"మే, ఇట్ల రా. ఆ పెట్టి మాదిరి నువ్వు ముక్కలు పంపీ. నీకు యాది తోస్తే అది. నేను పరుస్తా."

మరుసటి సంత దాకా గడువిమ్మని మస్తాన్ మామకు కబురు పంపించి, నాయన సిమెంటు తెచ్చాడు. ఆ వారమంతా నేను ఆటపెట్టెను ముట్టలేదు. నేనే ఆటపెట్టెనయ్యాను. చేతికి తోచిన ముక్కను ఈడ్చుకుంటూ తెచ్చి "ఇదిగో మూల!" అని గడపలో దించితే, నాయన దాన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి, ఉలితో ఒక్క అంచు తట్టి, ఎక్కడో ఒకచోట అది ఆ చోటు కోసమే పుట్టినట్టు కూర్చోబెట్టేవాడు. కావాలనే వంకరవి తెచ్చేదాన్ని. ఒక్కదానికీ చోటు దొరకకుండా పోలేదు. నీలంవి, పసుపుపచ్చవి, బూడిదవి, ఎవరెవరి ఇళ్లలోనో మిగిలిపోయినవన్నీ కలిసి మా వంటింట్లో ఒక నేలై పరుచుకుంటుంటే, తిండి కూడా మరిచి నోరు తెరుచుకుని చూశాను. చెత్త అనుకున్నది అలా కావడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

పొయ్యి పక్కన ఒక్క పొడుగాటి ఖాళీ మిగిలింది. అమ్మ తల స్నానం చేసి వచ్చి, పసుపు, నవధాన్యాలు వేసి, రెండు చేతులా గడపబండను దించింది. నాయన కణుపుతో కొట్టి చెవి ఆనించాడు. "నిండుగా ఉండాది" అన్నాడు. సిమెంటు ఆరిన మధ్యాహ్నం, పగలు ఎన్నడూ నడుం వాల్చని మా అమ్మ, ఆ చల్లని బండల మీద చెంప ఆనించి పడుకుంది. పుల్లతో గీరకుండా పడుకుంది.

సంత దినం నేనే పెట్టెను తీసుకుపోయి ఇచ్చాను. "ఏమ్మే, కొనొచ్చా వద్దా? ఎట్లుండాది?" అని అడిగాడు మస్తాన్ మామ.

"శానా బాగుంది మామా. కానీ దాంట్లో పెట్టింది పెట్టినట్టు ఉండదు" అన్నాను. మామ నవ్వుతూ దాన్ని అద్దాల బీరువాలో పెట్టేశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఏడుపు రాలేదని చెప్పను, కొంచెం వచ్చింది. ఇంటికొచ్చి వంటింట్లో మూలబండ మీద నుంచి పీటబండ మీదికి, దాని మీద నుంచి గడపబండ మీదికి గెంతుతుంటే పోయింది.

ఇప్పుడు మస్తాన్ మామ అంగడి ఉన్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. పెన్సిల్ సెల్లులు ఎండబెట్టే జేజి లేదు. ఇంటామెను పిలిచి చివరి బండ పెట్టించే బండల పనివాళ్లు ఎవరూ నాకు కనబడలేదు. నాయన పోయిన మరుసటేడు తమ్ముడు ఇల్లంతా తెల్లటి టైల్స్ వేయించాడు. పాత బండలు పెరికితే ఖర్చని, వాటి మీదే సిమెంటు పోసి పరిపించాడు. అన్నీ ఒకటే కొలత, ఒకటే రంగు. దేని మీద నుంచి దేని మీదికి గెంతాలో తెలియదు.

పాప చేతిలోంచి కొత్త పెట్టెను నేనూ తీసుకుని చూశాను. అబద్ధమెందుకు, మళ్లీ ఒళ్లు జలదరించింది. కొండలు, గుర్రాలు, వాన, వానలో తడిసే మనుషుల జుట్టు కూడా కనిపిస్తోంది దాంట్లో. ఎంత తెలివి పుట్టిందో మనుషులకు! వెతికితే ఒక మూల మా పాత ముక్కల ఆట కూడా ఉంది, రంగురంగులుగా. నేను ఆడాను. కుడి పక్కన ఒక గడి వదిలేశాను. పాప "పూడ్చమ్మా, పూడ్చు!" అని ఒకటే గోల. పొడుగు ముక్క దిగేదాకా ఆగి, పెట్టెను మా అమ్మ ముందు పెట్టాను. అమ్మ మామిడికాయ తడి చేతిని కొంగుకు తుడుచుకుని, ఏమీ అడక్కుండా, వేలితో నొక్కింది. నాలుగు వరసలు మెరిసి పోయాయి.

"యాడికి పోయినాయి అవ్వా?" అంది పాప, నవ్వుతూ.

అమ్మ పొయ్యి పక్కకు జరిగి, తెల్లటి టైలు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి వంచి విన్నది.

"కిందే ఉండాయిలే" అంది.

"కొంటావా మరి?" అని పాప నన్ను మళ్లీ అడిగింది. సెలవులయ్యేదాకా ఆడు, ఆ తర్వాత కొనొచ్చో వద్దో నువ్వే నాకు చెప్పు అన్నాను. అది సరేనని మళ్లీ గోడకు ఆనుకుంది. నేను కత్తిపీట ముందు కూర్చుని, కాలు చాపి, టైళ్ల అడుగున గడపబండ ఎక్కడిదాకా వస్తుందో మడమతో వెతుక్కున్నాను.