ధర చెప్పాక మాట్లాడకు

అత్తయ్య పోయిందన్న కబురు నాకు ఏడుపుతో రాలేదు. ఒక జాకెట్టు గురించి వచ్చిన ఫోనులో తెలిసింది. ఆ పొద్దున గుంటూరులో పూసల కొట్టు ముందు నిలబడి రంగులు చూసుకుంటున్నాను. వినుకొండ నుంచి ఒకావిడ ఫోను చేసింది. పని ఎక్కువైనప్పుడు అత్తయ్య కొన్ని జాకెట్లు నాకు పంపేది కాబట్టి ఆవిడ దగ్గర నా నంబరుంది. "మీ అత్తయ్యగారు తెల్లవారుజామున పోయారంట కదమ్మా, గుండె ఆగి. పాపం. మరి మా పాప పెళ్లి జాకెట్టు ఎంతదాకా వచ్చింది?" అంది. పాపం అన్న మాటకూ మరి అన్న మాటకూ మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు. బస్సెక్కి నరసరావుపేట చేరేదాకా నాకు ఏడుపు రాలేదు, పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఆ కోపం ఇంకా దిగలేదు. దిగాక రాద్దామంటే ఎప్పటికీ రాయనేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

అత్తయ్య అంటున్నానే గాని మాకు చుట్టరికం లేదు. మా ఎదురింటి ఆవిడ. ఇంటి ముందుగదిలో మగ్గం వర్కు షాపు నడిపింది. చెక్క చట్రానికి గుడ్డను దారాలతో బిగించి, కొక్కెం సూదితో జరీ, పూసలు కుట్టే పని. పెళ్లి జాకెట్టు లేని ఇల్లు ఇప్పుడు లేదు కాబట్టి అంతకంటే వివరించక్కర్లేదు.

నేను వచ్చేసరికి అరుగు మీద బంధువులు చేరి ఆమె కథ మొదలుపెట్టేశారు. "మొగుడు పోయాక ఏదో నాలుగు జాకెట్లు కుట్టుకుంటా బతికింది, పాపం" అని ఒకరు. "చానా మంచిది. డబ్బు మనిషి కాదు" అని ఇంకొకరు. మనిషిని ఇంకా ఇంట్లోంచి తీసుకెళ్లనైనా లేదు, అప్పుడే వేరే మనిషిని చేసేశారు.

నిజం ఇదీ. వాళ్లాయన మాచర్ల నుంచి నాపరాళ్లు తోలే లారీ మీద బాగా సంపాదిస్తున్న రోజుల్లోనే ఆమె షాపు పెట్టింది. ఇంట్లో లేక కాదు, పెట్టాలనిపించి పెట్టింది. "నీకేం తక్కువైందే" అని ఆయన అలిగి, కొన్నాళ్లు ముందుగదిలో అడుగు పెట్టకుండా పెరటి దారిన వచ్చిపోయాడు. ఆమె మాత్రం పెరటి తలుపు దగ్గర ఆయన చెప్పులకు ఒక పీట వేసింది, అంతే. ఆడది కష్టమొచ్చి వ్యాపారం పెట్టిందంటే మనవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. ఇష్టమై పెట్టిందంటే మింగుడు పడదు. అందుకే చచ్చిపోయాక ఆమెకు లేని కష్టం ఒకటి అంటగట్టారు.

ఇక డబ్బు మనిషి కాదన్న మాట. ఆమె ముమ్మాటికీ డబ్బు మనిషే. ఆ మాట ఆమె వినుంటే పాడె మీద నుంచి లేచి కూర్చునేది.

నేను ఆమె దగ్గర ఎలా చేరానో చెబితే మీకే తెలుస్తుంది. నాకు చిన్నప్పటి నుంచీ గీత బాగా వచ్చు. మా వీధిలో ఏ పెళ్లయినా గోరింటాకు కోను నా చేతిలో పెట్టేవాళ్లు. పెళ్లికూతురితో మొదలుపెడితే ఆమె మేనత్త మనవరాలి దాకా పెట్టాలి. చివరికి "నీ చెయ్యి బంగారమే తల్లీ" అని ఒక అరటిపండు, తాంబూలం ఇచ్చి పంపేవాళ్లు. ఒక రోజు అలా నడుం పట్టుకుని వస్తుంటే అత్తయ్య గుమ్మంలో నిలబడి పిలిచింది.

"ఏమే, ఈ పూట ఎన్ని చేతులు?"

"లెక్కపెట్టలేదత్తయ్యా. అందరూ చానా మెచ్చుకున్నారు."

"ఆ మెచ్చుకోలు రైతుబజారులో చూపిస్తే వంకాయలిస్తారా?"

నాకు ఒళ్లు మండింది. కళను పట్టుకుని వంకాయలంటుందేమిటని రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు వెళ్లి మగ్గం పక్కన కూర్చున్నాను.

ఆమె పని నేర్పడం కంటే ముందు కుర్చీలు తుడవడం నేర్పింది. గిరాకీ వస్తే కూర్చోబెట్టాలి. గుమ్మంలో నిలబడినవాళ్లకు ధర చెప్పకూడదు. నిలబడి విన్న ధర నిలబడే ఎక్కువంటారని ఆమె నమ్మకం. కూర్చోబెట్టి, గుడ్డ చేతిలోకి తీసుకుని, పెళ్లెప్పుడు, చీర ఏ రంగు, పిల్ల ఎండలో తిరుగుతుందా నీడపట్టున ఉంటుందా, అన్నీ అడిగేది. అప్పుడు ముఖంలోకి చూసి ఒక మాట చెప్పేది. చెప్పి ఊరుకునేది.

ఆ ఊరుకోవడం మొదటిసారి చూసినప్పుడు నాకు చెమటలు పట్టాయి. కారంపూడి నుంచి వచ్చిన తల్లీకూతుళ్లు ధర విని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గదిలో ఎవరూ మాట్లాడటం లేదు. నాకు నోరు దురద పెట్టి, "కొంచెం అటూ ఇటూగా చూద్దాంలే అక్కా" అనేశాను. వాళ్లు వెళ్లాక అత్తయ్య నా వైపు తిరిగింది.

"వాళ్లు బేరమాడారా?"

"లేదత్తయ్యా."

"మరి నువ్వెవరితో బేరమాడావు? ధర చెప్పాక మాట్లాడకు. మాట్లాడావా, నీ రేటు నువ్వే కోసుకుంటావు. వాళ్లు ఆలోచించుకునే టైములో నువ్వు మధ్యలో దూరమాకు."

చేతిలో ఏదైనా విద్య ఉండి సొంతంగా ఏదో ఒకటి మొదలుపెట్టాలనుకునేవాళ్లు దీన్ని చదువుతుంటే, నేను ఇవ్వగలిగింది ఈ ఒక్క మాటే. బొమ్మలు వేసేవాళ్లు, ఫోటోలు తీసేవాళ్లు, కేకులు చేసేవాళ్లు, పెళ్లి మండపాలు కట్టేవాళ్లు, ఎవరైనా సరే. మనకు పని చెయ్యడం వచ్చు. ఊరుకోవడం రాదు. మన పనికి మనమే సంజాయిషీ చెప్పుకుంటాం, ఏదో తప్పు చేసినట్టు.

గిరాకీలు ఫోనులో ఎవరి జాకెట్టో చూపించి "ఇట్టాగే దింపండి" అనేవాళ్లు. "అది వాళ్లు గీసుకుంది. నాది కావాలంటే నేను గీస్తా" అనేది అత్తయ్య. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లు వచ్చినప్పుడు, ఇక మన పని అయిపోయిందని నేను ముఖం వేలాడేసుకుంటే, ఆమె బస్టాండు దగ్గర మిషను పెట్టిన చోటికి వెళ్లి చివరిదాకా చూసి వచ్చింది. ఆ తర్వాత చవకది కావాలన్నవాళ్లను తనే అక్కడికి పంపేది, దారి కూడా చెప్పి. ఆలస్యమైనప్పుడు నేను మూడ్ రాలేదంటే మాత్రం సూది పక్కన పెట్టేసేది. "పెళ్లి ముహూర్తానికి మూడ్ ఉంటదా? కళ అని పేరు పెట్టినంత మాత్రాన బద్ధకం కాకుండా పోదు" అనేది. మెత్తటి మనిషి కాదు. ఆ రోజుల్లో నేను ఎన్నిసార్లు పెరట్లోకి వెళ్లి ఏడ్చానో ఆమెకు తెలుసు, తెలిసీ పిలిచేది కాదు.

ఆమె నియమం ఒకటి నేను ఇంకెక్కడా చూడలేదు. జాకెట్టు చేతుల మీద పెళ్లికూతురి పేరు ఒకవైపు, పెళ్లికొడుకు పేరు ఒకవైపు కుట్టించుకోవడం ఇప్పుడు మోజు. అత్తయ్య శుభలేఖ అచ్చయి తన చేతికొస్తేగాని పెళ్లికొడుకు పేరు కుట్టేది కాదు. వెల్దుర్తి వైపు ఒక పెద్ద కుటుంబం దీనికి ఇంతెత్తున లేచింది. "మా మాట మీద నమ్మకం లేదా?" అన్నారు. "మీ మీద ఉంది. జరీ ఊడదీస్తే గుడ్డకు బొక్కలు పడతయ్, దాని మీదే నమ్మకం లేదు" అంది. నెల తిరక్కముందే ఆ సంబంధం చెడింది. మళ్లీ వాళ్లే వచ్చారు, అదే జాకెట్టుకి, అదే పెళ్లికూతురితో, వేరే శుభలేఖ పట్టుకుని. అత్తయ్య ఒక్క మాట ఎత్తిపొడవలేదు. కార్డు చదివి, పేరు రాసుకుని, వాళ్లు గేటు దాటాక మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

నేను సొంతంగా షాపు తీసుకున్న రోజు అందరికంటే ముందు వచ్చింది ఆమే. కుర్చీలో కూర్చుని, సంచిలోంచి ఆకుపచ్చ గుడ్డ తీసి, "దీనికి మెడ చుట్టూ సన్నటి పని కావాల. ఎంత?" అంది. "మీ దగ్గర నేనేం తీసుకుంటానత్తయ్యా" అన్నాను, కళ్లలో నీళ్లతో. గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని లేచి వెళ్లిపోయింది. స్వీటు డబ్బా ముట్టుకోలేదు. మర్నాడు మళ్లీ వచ్చింది. అదే కుర్చీ, అదే గుడ్డ. "ఎంత?" నేను ధర చెప్పాను. చెప్పి, నాలుక పళ్ల కింద పెట్టుకుని ఊరుకున్నాను. ఆమె చాలాసేపు నా ముఖంలోకి చూసింది. కొంగు ముడి విప్పి ఇచ్చింది.

"ఇయ్యాల తెరిచావు షాపు" అంది. అప్పుడు స్వీటు తీసుకుంది.

అలాంటి మనిషి ఇంట్లో చిన్నకర్మ నాడు జరిగింది చెప్పాలి. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను.

అత్తయ్యకు పిల్లల్లేరు. కర్మ అంతా మరిది చేతుల మీద నడుస్తోంది. మేం ముందుగదిలో కూర్చుని ఉండగా వీధిలో కారు ఆగింది. వినుకొండ ఆవిడ. దిగలేదు. అద్దం దించి మరిదిని పిలిచింది. "ఇంట్లో పెళ్లి పెట్టుకుని చావింటి గడప ఎట్టా తొక్కేది అన్నయ్యా? ఆ జాకెట్టు బయటికి తెచ్చియ్యండి, ఎంతవరకైతే అంతవరకు. మిగతాది ఎక్కడన్నా చేయించుకుంటాం" అంది.

ఆయన మంచివాడే. చావింటి ముందు మాటలెందుకని, "పుణ్యముంటదిలే" అంటూ లోపలికి వచ్చి, మగ్గానికి బిగించిన దారాలు కొయ్యడానికి కత్తెర తీసుకున్నాడు. ఆ మగ్గం దగ్గరే ఏళ్లుగా కుట్టిన ఇద్దరు అమ్మాయిలు గోడకు ఆనుకుని చూస్తున్నారు. వాళ్ల చేతులు కూడా ఆ జాకెట్టులో ఉన్నాయి. ఎవరూ వాళ్లను అడగలేదు.

జాకెట్టు ఎడమ చెయ్యి పూర్తయింది. జంట చిలకలు, కింద పెళ్లికూతురి పేరు, అత్తయ్య కుట్టిందే. కుడి చెయ్యికి గీత మాత్రం అచ్చు వేసి ఉంది. కాగితానికి సూదితో బెజ్జాలు పొడిచి, తెల్ల పొడి కిరసనాయిల్లో కలిపి రుద్దితే గుడ్డ మీద పడే గీత అది. పోయే ముందు రోజు సాయంత్రం ఆమె వేసింది. పెళ్లికొడుకు పేరు చోటు ఖాళీగా ఉంది.

నేను లేచి కత్తెర లాక్కున్నాను.

కారు దగ్గరికి వెళ్లాను. "గడపకు మైల ఉంది, జాకెట్టుకు లేదా అండీ?" అని అడిగాను.

"పసుపు నీళ్లు చల్లుకుంటాంలేమ్మా."

"చల్లితే జరీ నల్లబడుద్ది" అన్నాను. "మీరు మైల అంటున్న ఆమె చెయ్యి కుట్టిందే మీ పిల్ల ముహూర్తానికి తొడుక్కునేది. ఆ చేతికి మైల లేకపోతే ఆమె పనికి విలువ కూడా ఉంది. అయిన పనికి ఇంత, అది ఈ ఇంటికీ, ఆ అమ్మాయిలకూ. మిగతాది నేను కుడతాను. దానికి ఇంత."

ధర చెప్పాను.

ఆవిడ ముందు నవ్వింది. తర్వాత, "చావింట్లో నిలబడి బేరాలేందమ్మా, సిగ్గుండక్కర్లా?" అంది. నేను మాట్లాడలేదు. "ఆమె ఉంటే ఇట్టా అనేదా?" అంది. దానికి జవాబు నా నాలుక చివరే ఉంది, అయినా మాట్లాడలేదు. అరుగు మీద బంధువులు చూస్తున్నారు. మరిది తల దించుకున్నాడు. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు. కోపాన్ని నోట్లో పెట్టుకుని నిలబడటం. పక్కన డ్రైవరు స్టీరింగు మీద గోరుతో గీస్తున్న చప్పుడు కూడా వినిపించింది.

చివరికి ఆవిడే, "అట్టాగే కానీ" అంది.

"శుభలేఖ ఇచ్చిపోండి. కార్డు చూడకుండా ఇక్కడ పేరు కుట్టరు" అన్నాను. కార్డు అద్దంలోంచి రెండు వేళ్లతో అందించింది, నా వేళ్లు తగలకుండా.

గీత చెరగకుండా నా షాపుకి చేర్చాలంటే మగ్గం నిలువుగా ఎత్తకూడదు. పడుకోబెట్టే మొయ్యాలి. నేనూ, ఆ అమ్మాయిలిద్దరూ మూడు మూలలు పట్టుకున్నాం. నాలుగో మూల ఎవరు పడతారా అని చూస్తుంటే మరిది వచ్చి పట్టుకున్నాడు. మేం వీధిలోకి రాగానే దారి చాలక ఆ కారు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ మగ్గం నా షాపులో ఉంది. కుడి చెయ్యి కుడుతున్నాం. ఆమె గీసిన తెల్ల గీత మా దారం కింద కొంచెం కొంచెంగా కనపడకుండా పోతోంది. చెయ్యి రాసుకున్నా, గాలి తగిలినా ఆ పొడి రాలిపోతుంది. వినుకొండ ఆవిడ రెండుసార్లు ఫోను చేసింది, ఎత్తలేదు. బయట ఎండ పెళపెళలాడుతోంది. ముగ్గురం చెమటతో తడిసిపోయాం. ఫ్యాను వెయ్యమని ఒక్కరూ అడగలేదు.